వెదురు గొట్టాల ఆర్గన్, మన మందిరపు హార్మోనియం



ఈ వారం ఒక వాయిద్యం చరిత్ర చెప్పాలనుకుంటున్నాను. ఫిలిప్పీన్స్ దేశంలో మనీలాకు దక్షిణాన లాస్ పిన్యాస్ అనే చోట సెయింట్ జోసఫ్ చర్చి ఉంది. అందులో రెండు వందల ఏళ్ల నాటి పైప్ ఆర్గన్ ఒకటి ఉంది. దాని గొట్టాల్లో ఎక్కువ భాగం వెదురుతో చేసినవి. మనం దడి కట్టుకునే, నిచ్చెన చేసుకునే, పందిరికి పాతుకునే వెదురే. అది రోమన్ కాథలిక్ చర్చి, మనం ప్రొటెస్టెంటులం. "అయ్యగారూ, వాళ్ల సంగతి మనకెందుకండీ?" అని ఎవరైనా అడగవచ్చు. సిద్ధాంతాల్లో మనకూ వాళ్లకూ ఉన్న తేడాలు తేడాలే. అయినా ఒక పల్లె సంఘం తన చేతిలో ఉన్నదానితో దేవుని స్తుతించి, దాన్ని పోగొట్టుకునే దాకా వెళ్లి, మళ్లీ దక్కించుకున్న కథ ఎవరిదైనా మనకు పాఠమే.

ఈ కథ ఇప్పుడే ఎందుకంటే, వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘ కమిటీ కూర్చుని వాయిద్యాల విషయం తేల్చాలి. కొత్త కీబోర్డు, మిక్సరు, నాలుగు పెద్ద సౌండు బాక్సులు కొందామని ఒక మాట నడుస్తోంది. తలా కొంత వేసుకుని, చాలకపోతే అప్పు తెద్దామంటున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముందు ఉన్నదాన్ని బాగుచేసుకోవాలి. వాయించేవాళ్లను తయారుచేసుకోవాలి. కొత్తది ఆ తర్వాత. ఎందుకు ఇలా అంటున్నానో చివరిదాకా చదివి, అప్పుడు మీ మాట చెప్పండి.

పైప్ ఆర్గన్ అంటే ఏమిటి?

మనలో చాలామంది పైప్ ఆర్గన్‌ను ఫోనులో చూడటమే తప్ప దగ్గరగా చూసి ఉండరు. హార్మోనియానికి అది పెద్దన్న లాంటిది. హార్మోనియంలో మనం తిత్తి కొడితే గాలి పెట్టెలో చేరుతుంది. మెట్టు నొక్కితే ఆ గాలి లోపలున్న ఇత్తడి రీడును కదిలించి బయటికి వస్తుంది, అదే స్వరం. పైప్ ఆర్గన్‌లో కూడా తిత్తి ఉంది, గాలిపెట్టె ఉంది, మెట్లు ఉన్నాయి. మెట్టు నొక్కినప్పుడు గాలి నిలువుగా నిలబెట్టిన గొట్టంలోకి వెళుతుంది. పిల్లనగ్రోవికి ఊదే చోట సందు ఉన్నట్టు, ఆ గొట్టానికి కింది భాగంలో సందు ఉంటుంది. అక్కడ గాలి తగిలి గొట్టం పలుకుతుంది. పొడుగు గొట్టం మంద్రంగా పలికితే, పొట్టిది సన్నగా పలుకుతుంది.

ఒక్కో గొట్టం ఒక్కో స్వరమే పలుకుతుంది. పిల్లనగ్రోవి మీద వేళ్లు మార్చినట్టు దీనిమీద మార్చలేం. అందుకే వందల గొట్టాలు కావాలి. ఒకే రకం ధ్వని ఇచ్చే గొట్టాలను ఒక వరుసగా పెడతారు. ఏ వరుసకు గాలి వెళ్లాలో తేల్చే పిడులు ఉంటాయి, వాటిని స్టాపులు అంటారు. కరెంటు రాకముందు తిత్తులు కొట్టడానికి వేరే మనిషి ఉండేవాడు. వాయించే ఆయన అందరికీ తెలుసు. వెనక నిలబడి తిత్తి కొట్టే ఆయన పేరు ఎవరికీ తెలియదు. కానీ ఆయన చెయ్యి ఆగితే ఆర్గన్ ఆగిపోయేది.

యూరపులో ఈ గొట్టాలను ఎక్కువగా తగరం, సీసం కలిపిన లోహంతోనో, కర్రతోనో చేస్తారు. అది ఖరీదైన పని. చేసేవాళ్లు కూడా అరుదు. అలాంటి వాయిద్యం ఉప్పు మళ్లు, చేపల వలలు ఉన్న ఒక పేద ఊరికి ఎలా వచ్చింది?

దొరికినదానితో మొదలుపెట్టిన గురువు

ఫాదర్ దియేగో సేరా 1762లో స్పెయిన్ దేశంలో పుట్టాడు. అగస్టీనియన్ రికలెక్ట్ అనే సన్యాస సంఘానికి చెందినవాడు. ఫిలిప్పీన్స్ అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. 1795లో ఆయనను లాస్ పిన్యాస్‌కు గురువుగా వేశారు. ఇప్పుడది మనీలా మహానగరంలో కలిసిపోయిన పట్టణం గాని, అప్పట్లో సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుంటూ, ఉప్పు పండించుకుంటూ బతికే చిన్న ఊరు. ఆయన అక్కడ రాతి చర్చి కట్టించాడు. ఆర్గన్ చేయడం ఆయనకు ముందే తెలిసిన పని. మనీలాలో లోహపు గొట్టాలతో చేసిన అనుభవం ఉంది.

1816లో సొంత సంఘానికి ఆర్గన్ చేయడం మొదలుపెట్టినప్పుడు ఆయన వెదురును ఎంచుకున్నాడు. వెదురు ఆ చుట్టుపక్కల దొరుకుతుంది. చవక. ఊరి మనుషులకు దాన్ని కోయడం, చీల్చడం, ఎండబెట్టడం తెలుసు. పైగా అది పుట్టుకతోనే గొట్టం. కానీ వెదురుకు ఒక జబ్బు ఉంది, పుచ్చు పడుతుంది. కోసిన వెదుళ్లను ఆయన సముద్రపు ఒడ్డున ఇసుకలో కొన్ని నెలలపాటు పాతిపెట్టించాడు. పురుగు పట్టే గుణం ఉన్నవి అక్కడే పాడైపోతాయి, తట్టుకుని నిలిచినవే గొట్టాలకు పనికొస్తాయి. మన పెద్దవాళ్లు ఇంటి కప్పుకు వేసే వెదురును వారాల తరబడి కుంటలో నానబెట్టి తీసేవారు కదా, అలాంటి తెలివే ఇది. ఈ పని సెమినరీలో నేర్పరు. ఊరి రైతు దగ్గర, వడ్రంగి దగ్గర నేర్చుకోవాలి.

1821 నాటికి ఆర్గన్ చాలావరకు పూర్తయింది. ముందుకు పొడుచుకుని వచ్చే బాకా గొట్టాలు మిగిలాయి. ఆ బాకా ధ్వని వెదురులో రాలేదు. అప్పుడాయన "అంతా వెదురే ఉండాలి" అని పట్టుబట్టలేదు. వాటిని లోహంతో చేసి, 1824లో పని ముగించాడు. మొత్తం గొట్టాలు 1031. అందులో వెదురువి 902, లోహపువి 129. ఎనిమిదేళ్ల పని. పక్షులు కూసినట్టు పలికే ఒక స్టాపు కూడా అందులో ఉంది. పిల్లలు నవ్వుకోవడానికే పెట్టాడేమో అనిపిస్తుంది నాకు.

ఈ 902, 129 లెక్క నాకు ఎంతో నచ్చుతుంది. మనది అని గర్వపడి, పనికిరానిచోట కూడా వెదురే పెట్టి ఉంటే ఆర్గన్ కుంటుబడేది. పరాయిది గొప్పదని మొత్తం లోహమే తెప్పించాలనుకుంటే అసలు మొదలే అయ్యేది కాదు. చేతిలో ఉన్నదానితో ఎంత దూరం వెళ్లగలడో అంత దూరం వెళ్లి, తక్కువైనచోట మాత్రమే బయటిది తెచ్చుకున్నాడు. మండుతున్న పొద దగ్గర దేవుడు మోషేను మొదట అడిగింది నీ చేతిలో ఏముంది అనే కదా (నిర్గమ 4:2). మోషే చేతిలో ఉన్నది గొర్రెల కర్ర. ఫరో ఎదుటికి వెళ్లింది ఆ కర్రే.

మూగబోయిన ఏళ్లు

ఫాదర్ సేరా 1832లో చనిపోయాడు. మనం మామూలుగా కథను ఇక్కడ ఆపేస్తాం. కట్టించినవాడి పేరు రాయి మీద చెక్కించి, ప్రతిష్ఠ రోజు ఫోటో గోడకు తగిలించి, అంతటితో చరిత్ర అయిపోయిందనుకుంటాం. అసలు చరిత్ర అప్పుడే మొదలవుతుంది.

ఫిలిప్పీన్స్ భూకంపాల దేశం, తుఫానుల దేశం. తుఫాను అంటే ఏమిటో కోస్తా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 19వ శతాబ్దంలో ఆ చర్చి, ఆ ఆర్గన్ రెండూ దెబ్బమీద దెబ్బ తిన్నాయి. కప్పు దెబ్బతింటే గొట్టాల మీద వాన పడుతుంది. ఆర్గన్ చాలా ఏళ్లు మూగగా ఉండిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో బెల్జియం నుండి వచ్చిన మిషనరీ గురువులు దాన్ని కొంతవరకు బాగుచేశారు. కొంతవరకే. సగం గొంతుతోనే దశాబ్దాలు గడిచాయి.

ఏ వాయిద్యమూ ఒక్కరోజులో మూగబోదు. మొదట ఒక మెట్టు పలకదు. ఆ స్వరం తప్పించి వాయించుకుంటాం. తర్వాత ఇంకొకటి. తిత్తిలో చిన్న చీలిక వస్తే కాస్త గట్టిగా కొడతాం. ఒకరోజు దాన్ని మూలన పెట్టి గుడ్డ కప్పుతాం. "పాడైపోయింది" అంటాం గాని, పాడవుతున్నప్పుడు రోజూ చూసినవాళ్లం మనమే. ప్రార్థన జీవితం చల్లబడేది కూడా ఇలాగే అని మీకు వేరే చెప్పాలా?

యోవాషు కాలపు పెట్టె

ఇక్కడ మనం దేవుని వాక్యం తెరవాలి. 2 రాజులు 12వ అధ్యాయం. ఈ అధ్యాయం మీద ప్రసంగాలు తక్కువ. ఇందులో అద్భుతాలు లేవు, యుద్ధం చివర్లో కొంచెమే ఉంది. ఉన్నదంతా మందిరం మరమ్మతు లెక్క.

యోవాషు రాజు యాజకులకు ఆజ్ఞ ఇచ్చాడు. ప్రజలు తెచ్చే డబ్బు తీసుకుని, మందిరంలో ఎక్కడ పాడైందో అక్కడ బాగుచేయమన్నాడు. ఆయన ఏలుబడిలో ఇరవైమూడో ఏడు వచ్చింది. యాజకులు ఒక్క చీలిక కూడా బాగుచేయలేదు. డబ్బు వస్తూనే ఉంది, మందిరం పాడవుతూనే ఉంది. దొంగతనం జరిగిందని అక్కడ రాసి లేదు. ఎవరికి వారు ఇంకెవరో చూసుకుంటారనుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది. రాజు యాజకుడైన యెహోయాదాను, మిగతా యాజకులను పిలిచి నిలదీశాడు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం పక్కన పెట్టించాడు. డబ్బు నిండినప్పుడల్లా రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టేవాళ్లు. ఆ డబ్బు తిన్నగా వడ్రంగులకు, రాతి పనివాళ్లకు చేరేది. ఆ పనివాళ్లు నమ్మకస్తులు గనుక వాళ్ల దగ్గర లెక్క కూడా అడగలేదని వాక్యం సాక్ష్యమిస్తోంది.

పదమూడో వచనం ఈ వారమంతా నన్ను వెంటాడింది. ఆ మరమ్మతు డబ్బుతో మందిరానికి వెండి పాత్రలు చేయించలేదు, బూరలు కూడా చేయించలేదు. బూర ఆరాధనకు పనికొచ్చేదే. దేవుడే మోషేతో వెండి బూరలు చేయించాడు. అయినా గోడ చీలి ఉండగా బూర కొనలేదు. 2 దినవృత్తాంతములు 24:14 చదవండి. మరమ్మతు పూర్తయ్యాక డబ్బు మిగిలింది. అప్పుడు ఆ మిగిలిన డబ్బుతో మందిరపు పాత్రలు చేయించారు. వరుస చూశారా? ముందు చీలిక, తర్వాత పాత్ర. కొత్తది వద్దని దేవుడు అనలేదు. దాని వంతు ఎప్పుడో చెప్పాడు.

ఆర్గన్ తిరిగొచ్చిన విధం

లాస్ పిన్యాస్ సంఘానికి కూడా అలాంటి రోజు వచ్చింది. 1973లో ఆ ఆర్గన్‌ను విప్పి, జర్మనీలోని బాన్ నగరంలో యోహానెస్ క్లైస్ అనే ఆర్గన్ తయారీవాళ్ల దగ్గరికి పంపించారు. వెదురు వేడిలో, చెమ్మలో పెరిగింది. జర్మనీ చలికి, పొడి గాలికి పగిలిపోవచ్చు. అందుకని అక్కడివాళ్లు మనీలా వాతావరణంలా వేడి, చెమ్మ ఉండే గదిని ప్రత్యేకంగా ఏర్పాటు చేసి, అందులో పనిచేశారు. పేద దేశపు వెదురు గొట్టం కోసం అంత జాగ్రత్త తీసుకున్నారు.

ఆర్గన్ ఊళ్లో లేని ఆ రెండేళ్లు సంఘం చేతులు కట్టుకుని కూర్చోలేదు. చర్చి భవనాన్ని పాత రూపానికి తెచ్చే పని పెట్టుకుంది. కప్పు కారే ఇంట్లోకి బాగుచేసిన వాయిద్యం తెచ్చి ఏం లాభం? 1975 మార్చిలో ఆర్గన్ ఇంటికి తిరిగొచ్చింది. అదే ఏడు మే 9న మొదటి కచేరీ జరిగింది. 1976 నుండి ఏటా అక్కడ వెదురు ఆర్గన్ సంగీత ఉత్సవం జరుగుతోంది. దేశదేశాల నుండి వాయించేవాళ్లు వస్తారు. 2003లో ఆ ఆర్గన్‌ను ఫిలిప్పీన్స్ జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించారు.

ఇదంతా గొప్పే. నన్ను ఇంతకంటే ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆర్గన్ బాగుపడక ముందే, 1969లోనే, ఆ ఊళ్లో మగపిల్లల గాయక బృందం మొదలైంది. ఆ బృందంలో పాడిన అర్మాండో సలార్సా అనే అబ్బాయి ఆస్ట్రియా వెళ్లి ఆర్గన్ నేర్చుకుని వచ్చి, అదే చర్చిలో ఆర్గన్ వాయించే బాధ్యత తీసుకున్నాడు. 1994లో అక్కడే ఆర్గన్లు తయారుచేసే, బాగుచేసే వర్క్‌షాపు ఒకటి వెలిసింది. దానికి దియేగో సేరా పేరే పెట్టుకున్నారు. 2003, 2004లో వెదురు ఆర్గన్‌కు మళ్లీ పెద్ద మరమ్మతు అవసరమైనప్పుడు ఆ పని చేసింది ఈ స్థానిక వర్క్‌షాపు వాళ్లే. 1973లో సముద్రాలు దాటించి పంపాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లకు సొంత చేతులతో చేసుకోగలిగారు. వాయిద్యం బాగుపడటమే కాక, మనుషులు తయారయ్యారు. మరమ్మతు అంటే నా దృష్టిలో ఇదే.

అసలు వాయిద్యం ఎందుకు?

కొందరు విశ్వాసులు ఇంకోవైపు నుండి అడుగుతారు. "అయ్యగారూ, దేవునికి హృదయం కావాలి గాని హార్మోనియం ఎందుకండీ?" ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. మన ప్రొటెస్టెంటు పితరుల్లో ఒకరైన ఉల్రిక్ జ్వింగ్లీ స్వయంగా ఎన్నో వాయిద్యాలు వాయించగల మనిషి. అయినా ఆయన పరిచర్య చేసిన జ్యూరిక్‌లో ఆరాధన నుండి ఆర్గన్ తీసేశారు. 1527లో గ్రోస్‌మున్‌స్టర్ చర్చి ఆర్గన్‌ను ఊడదీశారు. వాయిద్యం వాక్యాన్ని కప్పేస్తుందని ఆ సంస్కర్తల భయం. లూథరు మాత్రం సంగీతాన్ని దేవుడిచ్చిన వరంగా ఎంచాడు. ఇద్దరూ వాక్యం కోసం నిలబడినవాళ్లే.

జ్వింగ్లీ భయం ఇప్పుడు నాకు బాగా అర్థమవుతోంది. మన చుట్టుపక్కల కొన్ని కూటాలకు వెళితే, సౌండు బాక్సుల హోరుకు గుండె అదురుతుంది. ముందు వరుసలో కూర్చున్న అమ్మ పెదవులు కదులుతుంటాయి, ఆమె గొంతు ఆమెకే వినపడదు. కీబోర్డులో దరువు దానంతట అదే మోగుతుంటే సంఘం దాని వెనక పరుగెత్తుతుంది. పాటలో ఒకచోట ఆగి కన్నీళ్లు తుడుచుకుందామన్నా దరువు ఆగదు. వాయిద్యం పాటను మోయాలి, పాట నెత్తిన ఎక్కి కూర్చోకూడదు. స్పష్టత లేని పిల్లనగ్రోవి, వీణల సంగతి పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీ 14:7). ఏది వాయిస్తున్నారో వినేవాళ్లకు తెలియకపోతే ప్రయోజనం లేదన్నది ఆయన మాట.

అలాగని కీబోర్డు సాతానుదని నేను అనడం లేదు. యౌవనస్థులారా, మీ మనసు నొప్పించడానికి ఇది రాయడం లేదు. శ్రద్ధగా నేర్చుకున్నవాడి చేతిలో కీబోర్డు కూడా చక్కగా పాడుతుంది. ఫాదర్ సేరాకు 129 లోహపు గొట్టాలు కావాల్సి వచ్చాయి, మనకూ అలాంటి అవసరం రావచ్చు. నేనడిగేది ఒక్కటే. మన 902 ఎక్కడున్నాయి?

మన మూలన ఉన్నది

మన హార్మోనియం విదేశంలో పుట్టి మన దేశానికి అలవాటుపడిన వాయిద్యం. 1840ల్లో ఫ్రాన్సులో పేటెంటు పొందిన హార్మోనియం బల్లలా ఉండేది, కాళ్లతో తొక్కి వాయించాలి. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో చేతితో తిత్తి కొట్టే రకం తయారుచేశాడు. అప్పటినుంచి నేలమీద చాప వేసుకుని కూర్చుని వాయించగలిగాం, భుజాన వేసుకుని ఊరూరా తిరగగలిగాం. సువార్త పల్లెల్లోకి నడిచి వెళ్లిన రోజుల్లో దాని పక్కన నడిచింది ఈ పెట్టె. వెదురు ఆర్గన్ ఎలా తన నేలకు తగ్గట్టు తయారైందో ఇదీ అలాగే తయారైంది.

మన మందిరంలో ఉన్నదాని పరిస్థితి మీకు తెలుసు. మూడు మెట్లు పలకవు. తిత్తి మడతల్లో చీలిక ఉంది. వాయించే పెద్దాయనకు ఇప్పుడు వేళ్లు వణుకుతున్నాయి. ఆయన తర్వాత వాయించడానికి మన సంఘంలో ఒక్కరూ లేరు. మనకున్న అసలు చీలిక ఇదే.

ఇది ఎందుకంత పెద్ద సంగతో చెబుతాను. మీ ఇంట్లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. ఎన్నో కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. అంతే. స్వరం రాసి ఉండదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రాసిన పాటల మాటలు పుస్తకంలో ఉన్నాయి. వాటిని మన సంఘం పాడుకునే వరుస మాత్రం ఆ పెద్దాయన వేళ్లలో, నలుగురైదుగురు అమ్మల గొంతుల్లో ఉంది. వాళ్లు ప్రభువు దగ్గరికి వెళ్లిన రోజున పుస్తకం మిగులుతుంది, వరుస పోతుంది. దాన్ని ఏ దుకాణంలోనూ కొనలేం. బాన్ నగరానికి పంపి బాగుచేయించలేం. ఎంత ఖరీదైన కీబోర్డులో వెతికినా అది దొరకదు.

కమిటీ ముందు పెడుతున్న మాట

కమిటీ పెద్దలారా, సంఘస్థులారా, నేను అడిగేవి నాలుగే.

మొదటిది, హార్మోనియాన్ని ఈ నెలలోనే పట్టణంలో బాగుచేసేవాళ్లకు ఇద్దాం. తిత్తి మార్పించి, రీడ్లు శ్రుతి చేయిద్దాం. కొత్త సెట్టుకు అయ్యే ఖర్చులో అది చిన్న వంతు.

రెండోది, ఇద్దరు పిల్లలను ఎంచుకుందాం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. శనివారం సాయంత్రాలు పెద్దాయన ఇంటికి వెళ్లి ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఆయన ఓపికను బట్టి ఒక గంట చాలు. వాళ్లు నేర్చుకుంటున్నప్పుడు తప్పులు వాయిస్తారు. ఆదివారం ఆరాధనలో కూడా తప్పులు వస్తాయి. మనం వెనక్కి తిరిగి చూసి నవ్వకూడదు. ఆ మాట ఇప్పుడే అనుకుందాం.

మూడోది, ఫోనులున్న యౌవనస్థులు ఆ పెద్దాయన, ఆ అమ్మలు పాడే కీర్తనలు ఒక్కొక్కటి రికార్డు చేయాలి. మీ చేతిలో ఉన్నది కూడా దేవుని పనికి పనికొచ్చేదే. దూరాన ఉన్న మన పిల్లలు అవి విని నేర్చుకోవచ్చు.

నాలుగోది, మూతకు బెజ్జం ఉన్న పెట్టె ఒకటి గుమ్మం దగ్గర పెడదాం. మరమ్మతులకు మాత్రమే. హార్మోనియం, కప్పు, కిటికీ రెక్కలు, చాపలు, బావి చప్టా. నెలకోసారి ఇద్దరు కలిసి లెక్కపెట్టి గోడమీద రాయాలి. ఆ ఇద్దరిలో పాస్టరు ఉండకపోతే ఇంకా మంచిది. పది రూపాయలు వేసే వితంతువు కూడా ఆ డబ్బు ఏ పనికి వెళ్లిందో గోడమీద చూసుకోవాలి. చీలికలన్నీ పూడ్చాక మిగిలితే, అప్పుడు బూర సంగతి మాట్లాడదాం. అప్పు మాత్రం వద్దు. దేవుని స్తుతించే పాటకు నెలనెలా వడ్డీ కట్టడం నాకు ఇష్టం లేదు.

"మరి పక్క ఊరి సంఘంలో పెద్ద సెట్టు ఉంది కదా, మన పిల్లలు అక్కడికి వెళ్లిపోతారేమో" అనే భయం మీలో కొందరికి ఉంది. ఆ భయం నాకూ తెలుసు. శబ్దం కోసం వచ్చేవాళ్లు ఇంకా పెద్ద శబ్దం దొరికితే అక్కడికి వెళతారు. మన దగ్గర ఒక పని అప్పగించినవాళ్లు, ఒక కీర్తన నేర్పినవాళ్లు, తప్పు వాయించినా సహించినవాళ్లు ఉన్నారని తెలిస్తే పిల్లలు నిలబడతారు. లాస్ పిన్యాస్ పిల్లలు నిలబడ్డారు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. 1031 గొట్టాల్లో ఏ ఒక్కటీ తనంతట తాను పలకదు. గాలి రావాలి. వెదురుదైనా లోహపుదైనా అన్నిటికీ ఒకే గాలి. ఏ గొట్టానికి పుచ్చు పట్టిందో, ఏది దుమ్ముతో మూసుకుపోయిందో చూసి శుభ్రం చేయడం మన పని, ఊపిరి ఊదడం ప్రభువు పని. ఈ మధ్య ఆరాధనకు రావడం మానేసిన కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి. వాళ్ల స్వరం లేకుండా పాడటం మనకు అలవాటైపోతోంది. ఈ వారం హార్మోనియంతో పాటు వాళ్లను కూడా గుర్తుచేసుకోండి. వెళ్లి పలకరించండి.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, మా చేతిలో నీవు ఉంచినదాన్ని చిన్నచూపు చూడకుండా మాకు కళ్లివ్వు. మా మందిరంలోను, మా ఇళ్లలోను, మా మనసుల్లోను ఉన్న చీలికలను కప్పిపుచ్చక పూడ్చుకునే బుద్ధి ఇవ్వు. మా పెద్దల వేళ్లకు బలం, మా పిల్లల వేళ్లకు ఓర్పు దయచెయ్యి. మూగబోయిన స్వరాలను మళ్లీ పలికించు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.